మిన్నెసోటా సరస్సు దగ్గర మా నాన్న



ఏప్రిల్‌లో జరిగే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోగానే మీలో కొందరు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, ఈ సెలవుల్లో బాబుని అమెరికా తీసుకెళ్తున్నాం, మా తమ్ముడు వాళ్లింటికి. అక్కడ ఏం చేయిస్తే బాగుంటుంది?" డైరీ రాయించండి, మ్యూజియం చూపించండి, ఇంగ్లిష్‌లో మాట్లాడనివ్వండి అని చెబుతూ వచ్చాను. కిందటి వేసవిలో నేనూ వెళ్లొచ్చాక నా సలహా మారింది. మీరు వెళ్లేది కెనడా సరిహద్దు వైపున్న రాష్ట్రాలకైతే, ఒక్క రెండు రోజులు పిల్లల చేత చేపలు పట్టించండి. మన సెలవులూ అక్కడి చేపల కాలమూ ఒకేసారి వస్తాయి.

మా అన్నయ్య ఉండేది మిన్నెసోటాలో. పది ఎకరాలు, అంతకు మించి ఉన్న సరస్సులే ఆ రాష్ట్రంలో 11,842 ఉన్నాయి. అమ్మ అంతకు ముందు ఏడాది వదిన పురుడికి వెళ్లొచ్చింది. కిందటేడు నాన్న వంతు. ఆయన ఒక్కడూ విమానం మారలేడని, ఇంగ్లిష్ టీచర్ని కదా అని నన్ను తోడు పంపారు.

వీసా ఫారం నేనే నింపాను. అందులో వృత్తి అన్న చోట వాళ్లిచ్చిన జాబితాలోంచే ఎంచుకోవాలి. నేను క్షణం కూడా ఆలోచించకుండా 'వ్యవసాయం' నొక్కాను. పదో తరగతి నుంచీ అలవాటైన అబద్ధం అది. హాస్టల్లో, బీఈడీ కాలేజీలో, ఈ స్కూల్లో చేరినప్పుడూ అదే రాశాను. రెండేళ్ల కిందట మీలో ఒకరు నన్ను ఆప్యాయంగా "మీ నాన్నగారేం చేస్తారు మేడమ్?" అని అడిగితే, "వ్యవసాయమండీ, కొంచెం పొలం ఉంది" అన్నాను. మాకు పొలం లేదు. ఆ పేరెంట్ ఇది చదువుతుంటే నన్ను క్షమించాలి.

ఇంటర్వ్యూలో ఆఫీసరు దుబాసీ చేత అదే ప్రశ్న అడిగించింది. నాన్న చేతులు కట్టుకుని, "కొల్లేట్లో చేపలు పడతానండి" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. ఏం చేపలు అని ఆవిడ మళ్లీ అడిగింది. కొర్రమీను, జెల్ల, బొమ్మిడాయి అని వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చెప్పాడు. ఆ దుబాసీ బొమ్మిడాయిని ఇంగ్లిష్‌లో ఏమన్నాడో వినాలని నాకు ఆత్రం, కానీ గాజు అద్దం అడ్డం. వీసా వచ్చింది.

ఇక చేపల సంగతికి వస్తాను.

ముందు లైసెన్సు. పదహారేళ్లు నిండిన వాళ్లెవరైనా డబ్బు కట్టి తీసుకోవాలి. మనలాంటి చుట్టపుచూపు వాళ్లకి ఒక రోజుకి, మూడు రోజులకి, వారానికి విడివిడిగా ఇస్తారు. మీ పిల్లలకి పదిహేనేళ్లు, అంతకంటే తక్కువైతే, మీ దగ్గర లైసెన్సుంటే చాలు. వాళ్లు పట్టినవి మీ లెక్కలోకి వస్తాయి. ఒక మనిషికి ఒకే గేలం. ఏ సరస్సులో ఏ చేప ఎన్ని ఉంచుకోవచ్చో రాష్ట్ర సహజ వనరుల శాఖ పుస్తకం వేస్తుంది. అవి మారుతుంటాయి కాబట్టి వెళ్లిన ఏడాది పుస్తకమే చూడండి. పడవ కదులుతున్నంతసేపూ పదేళ్లలోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే, అది చట్టం. పెద్దవాళ్లు కూడా వేసుకోండి. నాన్న మాత్రం ఒప్పుకోలేదు, ఈతొచ్చిన వాణ్ణి అని. అన్నయ్య కొడుకు, వాడికి తొమ్మిదేళ్లు, "తాత వేసుకోకపోతే నేనూ వేసుకోను" అని పట్టుబట్టాడు. అప్పుడు వేసుకున్నాడు.

అన్నయ్య బ్రెయినర్డ్ అనే ఊరి దగ్గర, సరస్సు ఒడ్డున చెక్క ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. మినియాపోలిస్ నుంచి ఉత్తరానికి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. వెళ్తూ మిల్ లాక్స్ అనే పెద్ద సరస్సు వైపు నుంచి వెళ్లాం. అవతలి ఒడ్డు కనిపించలేదు. ఆ నీళ్ల మీద ఓజిబ్వే అనే ఆదివాసులకి 1837 నాటి ఒప్పందం ప్రకారం చేపలు పట్టే హక్కుందని, అది ఇంకా చెల్లుతుందని 1999లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చిందని అన్నయ్య చెప్పాడు. నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "వాళ్లు వల వేస్తారా, గేలమా?" వసంతంలో వల వేస్తారని చెప్పాం. కాసేపు కిటికీలోంచి చూసి, "అయితే ఇక్కడా మనవాళ్లున్నారన్నమాట" అన్నాడు.

మా ఊళ్లో ఆయన పని తాటిదోనె మీద. మావులు వేయడం, తెల్లారకముందే తీయడం. కొల్లేటి లోపల చేపల చెరువుల గట్లు తెగ్గొట్టిన 2006లో నాకు మూడో తరగతి. ఆ తర్వాత ఊళ్లో చాలామంది వేరే పనుల్లోకి పోయారు, నాన్న దోనె వదల్లేదు. అన్నయ్య ఇంజినీరింగ్‌కి, నా బీఈడీకి స్కాలర్‌షిప్‌లు పోను మిగతా డబ్బు అందులోంచి వచ్చిందే. అందుకే ఆ సాయంత్రం మేమందరం ధీమాగా ఉన్నాం. నాన్న ఉన్నాడుగా, బకెట్ నిండుతుందని వదిన పసుపూ ఉప్పూ సిద్ధం చేసుకుంది కూడా.

ఒక్క చేప పడలేదు.

అక్కడి నీళ్లు వేరు. మా కొల్లేరు లోతు లేనిది, బురద నీరు. చేపకి మనిషి కనపడడు, మనిషికి చేప కనపడదు. ఆ ఉత్తరాది సరస్సు అద్దంలా ఉంది. మేం చెక్క వంతెన మీద నిలబడి కేకలు వేసుకుంటుంటే మా నీడలన్నీ నీళ్ల మీదే పడుతున్నాయి. పైగా నాన్న ఎక్కడ లోతుంటే అక్కడ వేయమన్నాడు, ఎండాకాలం కదా, చేప చల్లటి చోటుకి పోతుందని. లెక్క సరైనదే, నెల తప్పింది. అక్కడ జూలై, ఆగస్టు వస్తే పైనీరు వేడెక్కి, అడుగు నీరు చల్లగా ఉండి, రెండూ కలవకుండా పొరలుగా విడిపోతాయి. అడుగున ప్రాణవాయువు తగ్గిపోతుంది కాబట్టి చేపలు మధ్య పొరల్లో తిరుగుతాయి. మే చివర, జూన్ మొదట్లో అలా కాదు. చలికాలమంతా మంచు గడ్డ కింద ఉన్న సరస్సులో ముందు వేడెక్కేది ఒడ్డు దగ్గరి లోతు లేని నీరే. చేపలన్నీ అక్కడికే వస్తాయి. అంటే మనం సెలవుల్లో వెళ్లేసరికి పిల్లల మోకాలి లోతులో, చూపుకందే దూరంలో ఉంటాయి.

మర్నాడు నేను లేచేసరికి నాన్న గేలం ముట్టుకోకుండా ఒడ్డు వెంబడి నడుస్తున్నాడు. నడుం వంచి, చేతులు వెనక్కి పెట్టుకుని, ఊరికే చూస్తూ. గంట సేపు అదే పని. పిల్లాడు వెనకాలే తిరుగుతున్నాడు. నేను మీకిచ్చే సలహాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే: మొదటి గంట గేలం వేయకండి, చూడండి. మా వాడు చూసిందేమిటంటే, ఇసుకలో పళ్లెమంత గుండ్రటి గుంటలు, పక్కపక్కనే పది పన్నెండు. ఒక్కోదాని మీద అరచేయంత చేప ఒకటి కదలకుండా కాపలా. వాటిని బ్లూగిల్ అంటారు, మన చందువ పిల్లలా పలచగా ఉంటుంది. తోకతో ఇసుక తోసి గూడు చేసేది మగ చేప, గుడ్లని కాపాడేదీ అదే.

మా వాడు గేలం తేబోయాడు. నాన్న వాడి భుజం పట్టుకుని ఆపి, నాతో అన్నాడు, "వాడికి చెప్పమ్మా. కొర్రమీను కూడా అంతే. దాని ఎర్రపిల్లలు గుంపుగా తిరిగేటప్పుడు కింద తల్లో తండ్రో కాపలా ఉంటది. అప్పుడు పట్టడం తేలికే. మా నాన్న మమ్మల్ని పట్టనిచ్చేవాడు కాదు." నేను ఇంగ్లిష్‌లో చెప్పాను. వాడు వెంటనే, తనకీ తెలుసనీ, గూటి మీద పెద్ద మగ చేపల్ని తీసేస్తే ఆ సరస్సులో బ్లూగిల్ సైజు తగ్గిపోతుందని అక్కడి శాఖవాళ్లు కూడా చెబుతారనీ అన్నాడు. తెలిసినవాడివి గేలం తేవడానికి ఎందుకు పరిగెత్తావు అని నేను అడగలేదు. టీచర్‌కి కొన్నిసార్లు ఊరుకోవడం కూడా రావాలి.

గూళ్లని వదిలేసి, ఇంకొంచెం అవతల, నాచు మొదలయ్యే చోట వేశాం. సామాను పెద్దగా ఏం అక్కర్లేదు. పిల్లలకి పొట్టి కర్ర, సన్నటి దారం, చిన్న గేలం. పెద్ద గేలం బ్లూగిల్ నోట్లో పట్టదు. గేలానికుండే ముల్లుని పటకారుతో నొక్కేస్తే చేప నోటికీ, పిల్లల వేలికీ కూడా మంచిది. పైన బెండు, కింద ఎర్ర ముక్క. బరువుకి సీసం గుండు వద్దని అడిగి తీసుకోండి. అక్కడి లూన్ పక్షులు గులకరాళ్లతో పాటు సీసం మింగి చచ్చిపోతాయి. బెండు మునగ్గానే పిల్లలు కర్రని ఆకాశానికి లాగేస్తారు. మణికట్టు తిప్పితే చాలు. చేపని పట్టుకునేటప్పుడు తల వైపు నుంచి తోక వైపుకి చెయ్యి జార్చి వీపు ముళ్లని పడుకోబెట్టాలి, లేకపోతే గుచ్చుకుంటాయి. చెయ్యి తడుపుకోండి. గడ్డిలోంచి వచ్చాక పిల్లల కాళ్లకి టిక్స్ అనే పురుగులు పట్టాయేమో చూడండి. దోమల సంగతి మనకి చెప్పక్కర్లేదు గానీ, అక్కడివి కొల్లేటి దోమలకి ఏమీ తీసిపోవు.

ఇక్కడ ఒక గొడవ జరిగింది. మొదటి చేప పడగానే మా వాడు ఫొటో తీయించుకుని నీళ్లలో వదిలేశాడు. రెండోదీ అంతే. నాన్న కర్ర పక్కన పెట్టేశాడు. "తినని చేపకి గేలమెందుకు? దాన్ని నొప్పించి ఆడుకోడానికా?" వాడికేమో చేపని చంపడం తప్పు, వదిలేయడం మంచి పని. ఇద్దరి మాటా నేనే అటూ ఇటూ చెప్పాలి. నిజం చెప్పాలంటే ఇద్దరిలో ఎవరిది తప్పో నాకిప్పటికీ తెలియదు. చివరికి బేరం కుదిరింది. గుడ్లకి పనికొచ్చే పెద్దవి వదిలేయాలి, మరీ పిల్లలూ వదిలేయాలి, మధ్యరకంవి రాత్రి కూరకి సరిపడా ఉంచుకోవాలి, సరిపోగానే గేలం ఎత్తేయాలి. పదకొండు దగ్గర ఎత్తేశాం. చింతపండు నేను ఇక్కణ్ణుంచే తీసుకెళ్లాను కాబట్టి పులుసు కుదిరింది. మా వాడు ముళ్లు చూసి భయపడితే నాన్న తీసిపెట్టాడు.

అక్కడ జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుతురుంటుంది. ఆ మసక వెలుతురులోనే వాలై అనే చేప మేతకొస్తుంది. దాని సీజను మే నెల మధ్యలో మొదలవుతుంది. అన్నయ్య దానికోసం ఎర కొనడానికి దుకాణానికి వెళ్తే నాన్న కూడా వెళ్లాడు. అక్కడ డజన్ల లెక్కన అమ్మేవి జలగలు. నాన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. నలభై ఏళ్లుగా కాళ్ల మీంచి పీకి పారేసిన వాటికి ఇంత గిరాకీ ఉందని తెలిస్తే మేడ కట్టేవాణ్ణి అన్నాడు. రాత్రి అన్నయ్య గేలానికి ఒకే ఒక్క వాలై పడింది. టార్చి వెలుగులో దాని కన్ను పిల్లి కన్నులా మెరిసింది. చీకట్లో చూపు కోసం కంటి వెనక వెలుగుని తిప్పికొట్టే పొర ఉంటుందట.

తిరిగొచ్చేటప్పుడు మిగిలిన ఎర్రల్ని నాన్న చెట్టు కింద పోయబోతే మా వాడు పరిగెత్తుకొచ్చి ఆపాడు. చెత్తడబ్బాలో వేయాలట. ఆ నేలలో ఎర్రలు సహజంగా లేవు, బయటి నుంచి వచ్చినవే. అడవిలో రాలిన ఆకు పొరని తినేసి మొక్కలకి చెరుపు చేస్తాయి. రైతు నేస్తమని ఆరో తరగతికి పాఠం చెప్పేదాన్ని నేను, ఆ మాటకి కాస్త తెల్లబోయాను. ఈసారి తాతకి మనవడు చెప్పాడు, తాత విన్నాడు. పడవ వాడితే ఒడ్డుకి తెచ్చాక అందులోని నీళ్లన్నీ కార్చేయాలన్నది కూడా అక్కడి నిబంధనే, ఒక సరస్సులోని గవ్వపురుగులు ఇంకోదాంట్లోకి పోకుండా.

జూన్ 12న స్కూలు తెరిచారు. ఆ వారమే స్టాఫ్ వివరాలు మళ్లీ సరిచూసుకోమని ఆఫీసులో కాగితాలిచ్చారు. నా కాగితంలో తండ్రి వృత్తి దగ్గర 'వ్యవసాయం' కొట్టేసి 'చేపల వేట, కొల్లేరు' అని రాసి ఇచ్చాను. క్లర్కుగారు కళ్లజోడు సర్దుకుని చదివి, గొంతు తగ్గించి అడిగారు.

"మేడమ్, అయితే పులస దొరుకుతుందాండీ?"

"పులస గోదారిదండీ," అన్నాను. "మాది కొల్లేరు. కొర్రమీను కావాలంటే చెప్పండి, నాన్నని అడుగుతాను."