కోటప్పకొండ మీద కాకిలెక్కలు

నరసరావుపేటలో ఫలహారం కానిచ్చి, నేనూ మా మేనల్లుడూ కోటప్పకొండకు బయలుదేరాం. ఊరికి సుమారు 12 కిలోమీటర్లు. ఎటునుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయి గనుక స్వామి త్రికూటేశ్వరుడైనాడంటారు. శివరాత్రికైతే దారంతా ప్రభలే. మేము వెళ్ళింది మామూలు రోజు.

మావాడి పరిశోధన వాళ్ళమ్మకు అర్థం కాదు, నాకూ అంతంతమాత్రమే. జపానులో సుకుబా దగ్గర బెల్-2 అనే ప్రయోగం ఉంది. ఎలక్ట్రాన్లనూ పాజిట్రాన్లనూ ఢీకొట్టించి బి మెసాన్లు పుట్టిస్తారు. హైదరాబాదు ఐ.ఐ.టి. వారికీ అందులో భాగముంది.

మెట్లెక్కుతూ మావాడు చెప్పాడు: "ఎప్పుడో అరుదుగా, మెసాన్ విచ్ఛిన్నమైతే ఒక్క కేయానే కంటబడుతుంది మావయ్యా. మిగతా శక్తి లెక్కకు రాదు. అంగడికి పంపిన పిల్లవాడు చిల్లర తక్కువ తెస్తే, దారిలో ఏదో కొన్నాడనుకోమూ?"

"ఏం కొన్నాడంటావు?"

"మామూలుగా రెండు న్యూట్రినోలు. సిద్ధాంతం ప్రకారం రెండు లక్షలకు ఒకసారి ఇలా జరగాలి. 2023లో లెక్క తీస్తే లక్షకు రెండుసార్లు జరుగుతున్నట్టు కనిపించింది. ఇంతవరకూ ఎవరూ చూడని తేలికపాటి బోసాన్ దాగుందేమోనని కొందరి అనుమానం. రుజువు కాలేదు. 2015లో జెనీవా దగ్గర ఎల్.హెచ్.సి.బి. వారు, అలాంటిది రెండు మ్యువాన్లుగా మారుతుందేమోనని బి మెసాన్లలోనే వెదికారు. జాడ లేదు."

"ఏళ్ళతరబడి వెదికి, ఏమీ లేదని తేలితే నీ వయసంతా ఏమైనట్టురా?" అనేశాను. అక్కయ్య అడగమన్న మాట అది.

వాడు నొచ్చుకోలేదు. "ఈ కొండమీద కాకులు వాలవంటారుగా. పొద్దుటినుంచీ ఒక్కటైనా చూశావా?"

"లేదు."

"అంటే కాకులు రావనేనా?"

అవుననబోయి తమాయించుకున్నాను. "మనమున్న మూడు గంటల్లో రాలేదు."

"అంతే! నెలరోజులు చూస్తే ఇంకొంచెం గట్టిగా చెప్పొచ్చు. ఏడాది చూస్తే మరీ గట్టిగా. బోసాన్ దొరక్కపోయినా, ఇంతకంటె తరచుగా పుట్టదని ఒక హద్దు గీస్తాం. తరువాత వచ్చేవాడు ఆ హద్దు దగ్గరనుంచి మొదలుపెడతాడు."

కాకిలెక్కలంటే ఉత్త బూటకపు లెక్కలనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. దర్శనం చేసుకుని దిగుతున్నంతసేపూ నా చూపు ఆకాశం మీదనే ఉంది.

పేట చేరేసరికి అక్కయ్య గుమ్మంలోనే నిలబడి ఉంది. వాడు కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళగానే, "ఏమన్నాడురా?" అంది మెల్లగా.

"వెదుకుతున్నాడు. వెదకనీ అక్కయ్యా" అన్నాను.