ఒక్క దినమున నేది చూడవలెను?

శిథిలములు లేని దేశము లేదు; గాని వానిని జూచుటకు మానవునకు లభించు దినములు మాత్రము కొలదిపాటివి. మా శ్రీకాకుళపు సీమలో నది దాటినను, కొండ యెక్కినను ఏదో యొక పూర్వకాలపు గుఱుతు కన్పట్టును. మా పాఠశాలవారు పదవ తరగతివారికి ఏటేట విజ్ఞానయాత్రకై ఒక్క దినమును, ఒక్క బస్సును ఇత్తురు. ఉదయము ఆఱు గంటలకు టెక్కలిలో బయలుదేఱవలెను. సాయంకాలము ఆఱు గంటలలోపల మరలి రావలెను. ఉద్దానమునుండి చదువుకొనవచ్చు బాలబాలికలు అటుపిమ్మట పలాసవైపునకును, వజ్రపుకొత్తూరువైపునకును పోవు బండ్లను అందుకొనవలసి యుండును గావున ఈ నియమము సడలింపరానిది. ఈ పండ్రెండు గంటలలో ఏ శిథిలములను జూడవలెను, వేనిని విడువవలెను అను ప్రశ్న ఈ యేడు మా తరగతిలో మూడు దినములు చర్చింపబడెను. ఆ చర్చ మాకు యాత్రకంటె తక్కువ నేర్పలేదు. అందుచే దానిని మా తమ్ములకును, చెల్లెండ్రకును, పెద్దలకును నివేదించుచున్నాము.

చరిత్రోపాధ్యాయులవారు నల్లబల్లపై నాలుగు పేరులు వ్రాసిరి: మహేంద్రగిరి, దంతపురము, శ్రీముఖలింగము, శాలిహుండము. తరగతిని నాలుగు జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టు ఒక్కొక్క స్థలము పక్షమున వాదింపవలెనని యాజ్ఞాపించిరి. తాము మాత్రము గడియారమును జేతబట్టుకొని యొక మూల గూర్చుండిరి.

మహేంద్రగిరి పక్షమువారు మొదట లేచిరి. ఈ కొండను మేమెఱుగనివారము కాము. వాన వెలిసిన దినమున మందసవైపు చూచినచో అది నీలపు గోడవలె నిలిచి యుండును. దాని యెత్తు సముద్రమట్టమునకు 1501 మీటర్లు. పైన భీముడు, కుంతి, ధర్మరాజు అను పేరులతో జనులు పిలుచు ప్రాచీన శిలాలయములు గలవు. పూర్వగంగరాజులు తమ శాసనములయందు మహేంద్రాచలముపైనున్న గోకర్ణస్వామిని కులదైవముగ బేర్కొనిరి. ఇన్ని గుణములున్నను, ఆ కొండ ఒడిశారాష్ట్రపు గజపతి జిల్లాలోనిది; ఎక్కుటకును దిగుటకునే దినమంతయు జాలదు. ఉపాధ్యాయులవారు గడియారమును జూపగానే ఆ జట్టువారు నవ్వుచు గూర్చుండిరి.

దంతపురమువారి వాదము కథారసము గలది. సరుబుజ్జిలి మండలమున మట్టికోట యొకటి కలదు. దానిని జనులు దంతవక్త్రుని కోట యందురు. బుద్ధభగవానుని దంతమొకటి కళింగదేశపు దంతపురమున బూజింపబడెననియు, క్రీస్తుశకము నాలుగవ శతాబ్దమున నది సింహళమునకు గొనిపోబడెననియు బౌద్ధగ్రంథములు చెప్పును. ఆ దంతపురమిదియే యని కొందఱు పండితులును, కాదని మఱికొందఱును వాదింతురు. అచ్చట నేడు ముఖ్యముగ గానవచ్చునది మట్టికట్ట. తెలిసినవారు ప్రక్కన నిలిచి చెప్పనిదే దానిని చెఱువుగట్టని భ్రమపడుట సులభము. కావున చూచుటకంటె చదువుటకు దగిన స్థలమని దానిని విడిచితిమి.

శ్రీముఖలింగమును కాదనుట అంత సులభము కాలేదు. వంశధార యెడమయొడ్డున మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు అను మూడు దేవాలయములు గలవు. వానిపై జెక్కిన శిల్పములు కళింగశిల్పమునకు దలమానికములు. గంగరాజుల తొలి రాజధానియగు కళింగనగరమిదియే యని పెక్కుమంది చరిత్రకారుల యభిప్రాయము. 1078లో బట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడు పిదప కటకమునకు దరలి, పురీజగన్నాథాలయనిర్మాణమునకు బూనుకొనెను. అట్టి సామ్రాజ్యమునకు మొలక మా సీమలోనిదనుట మాకు గర్వకారణము.

నాలుగవది శాలిహుండము. వంశధార కుడియొడ్డున, కళింగపట్టణమునకు జేరువలో నది సముద్రమును గలియుటకు ముందున్న కొండ. దానిపై ఇటుకల స్తూపములును, చైత్యగృహములును, భిక్షువుల నివాసముల పునాదులును గలవు. ఈ శిథిలములను 1919లో లోకమునకు దెలిపినవారు గిడుగు వేంకట రామమూర్తిగారు. వారు 1863లో శ్రీముఖలింగమునకు సమీపముననున్న పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండి, సవరభాషకు వ్యాకరణమును నిఘంటువును గూర్చిన మహనీయులు. రాజు గాని, సేనాని గాని కాక, ఒక బడిపంతులు కనుగొన్న కొండ యనుటచేత మా యుపాధ్యాయులవారి ముఖము కొంత వికసించినట్లు మేము గమనించితిమి. వాడుకభాషకై పోరాడిన యా పండితుని గూర్చి మేమిట్లు గ్రాంథికమున వ్రాయుట చూచినచో వారేమందురో!

ఇట్లు వాదములు ముగియగానే, కొందఱు, “మూడింటిని జూచి వత్తము, చిక్కు తీరును” అనిరి. ఈ యాలోచన అందఱకు రుచించెను. అప్పుడు గణితమున నేర్పుగల యొక బాలుడు బల్లకడకు బోయి లెక్క కట్టెను. బస్సులో నాఱు గంటలు, భోజనమునకొకటి, ఎక్కుటకు, దిగుటకు, తప్పిపోయినవారిని వెదకుటకు మఱియొకటి. మిగిలినవి నాలుగు. వానిని మూడింటికి బంచినచో ఒక్కొక్కచోట గంటకు గొంచెమధికము. ఆ గంటలో సగము ఛాయాచిత్రములకే చెల్లునని యొక బాలిక యనగా అందఱును నవ్విరి.

ఈ చిక్కు మా యొక్కరిదే కాదు. మా పాఠశాలలో జదివి, ఇప్పుడు యాత్రికుల యోడపై కొలువుచేయుచున్న యొక పూర్వవిద్యార్థి సెలవులలో వచ్చినపుడు చెప్పిన సంగతి మాకు జ్ఞప్తికి వచ్చెను. మెక్సికోదేశమున కొజుమెల్ దీవికడ వారి యోడ యొక పగలు మాత్రము నిలుచునట. ఎదుటి గట్టున మాయాజాతివారి ప్రాచీననగరములు గలవు. తులుం సముద్రపుటొడ్డున గుట్టపై నున్నది, చిన్నది, దగ్గఱది. చిచెన్ ఇట్జా లోకప్రసిద్ధమైనది, గొప్పది. గాని చాల దూరము లోపల నున్నది. ప్రసిద్ధికి మోహించి దూరము పోయినవారు దినములో నధికభాగము బండిలోనే గడిపి, గొప్ప మెట్లగోపురము ముందు కొంతసేపు నిలిచి, ఓడ విడిచిపోవునేమో యను భయముతో మరలుదురట. ఓడ యెవరికొఱకును నిలువదు. మా ఉద్దానపు బండ్లును అట్టివే.

అంతవఱకు మాటలాడని యొక సహాధ్యాయిని అప్పుడు లేచెను. ఆమెది ఉద్దానపు పల్లె. ఆమె యనుమతితోనే యీ మాటలను వ్రాయుచున్నాము. “మా నాయన వారమునకు మూడుమాఱులు పలాసకు డయాలసిస్ చేయించుకొనుటకు బోవును. తోడు మా యమ్మయో, నేనో పోవలెను. నేను యాత్రకు వచ్చిన దినమున అమ్మ జీడిపరిశ్రమలో కూలి మానుకొనును. కావున ఆ దినమునకు మా యింట వెల గలదు. మూడు ఊళ్లు పరుగున జూచి వచ్చితినని చెప్పుటకు నేను రాను. ఇంటికి బోయి నాయన ప్రక్కన గూర్చుండి చెప్పదగినది యొకటి కావలెను” అని యామె పలికెను. తరగతి నిశ్శబ్దమయ్యెను.

ఉద్దానమున ఈ కిడ్నీవ్యాధి సోకని పల్లె యరుదు. దాని మూలకారణము శాస్త్రజ్ఞులకు నేటికిని నిశ్చయముగ జిక్కలేదు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను మా తీరమును దాకి, కొబ్బరితోటలను, జీడితోటలను ఒక్క రాత్రిలో నేలగూల్చినపుడు మేము పసివారము. శిథిలమనగా నేమో మా యూళ్లవారికి గ్రంథములు చూచి నేర్వవలసిన పని లేదు. 2023 డిసెంబరులో పలాసయందు కిడ్నీరోగులకై పెద్ద యాసుపత్రి తెఱవబడెను; ఆ నెలలోనే హిరమండలము జలాశయమునుండి గొట్టముల ద్వారా వంశధార నీటిని ఉద్దానమునకు దెచ్చు పథకమును బ్రారంభమయ్యెను. ఆ బాలిక మఱల నిట్లనెను: “మా కుళాయి నీరు వంశధారది యందురు. బస్సులో వంతెన దాటుటయే గాని, ఆ యేటిని మేము నిలిచి చూచినవారము కాము. అది చూపు స్థలమేదో దానికే పోదము.”

ఆ మాటతో ప్రశ్నయే మాఱెను. ఏది గొప్పది యని యడుగుట మాని, మేమేమి తెలిసికొనుటకు బోవుచున్నామని యడిగితిమి. శ్రీముఖలింగము, శాలిహుండము రెండును వంశధార యొడ్డుననే యున్నవి. అయినను శ్రీముఖలింగము శిథిలము కాదు. నిత్యపూజలు జరుగు సజీవక్షేత్రము. మా తరగతిలో సగముమంది శివరాత్రికి తలిదండ్రులతో అచ్చటికి బోయి వచ్చినవారే. పోనివారును ఎప్పుడో యొకప్పుడు పోగలరు. శాలిహుండమునకు మాత్రము మా యింటివారెవరును మమ్ము దీసికొనిపోరు. అచ్చట జాతర లేదు, మ్రొక్కు లేదు. ఇంటివారు తీసికొనిపోవు చోటికి బడి తీసికొనిపోనక్కఱలేదు. బడి లేనిదే మేము చూడజాలని చోటికే బడి బస్సు పోవలెను. ఇది మా నిర్ణయమునకు మూలసూత్రము. మిషను పాఠశాలవారు బౌద్ధుల కొండకు బోవుటయేల యని యొకరడుగగా, దేవుని వెదకినవారి త్రోవలను గౌరవముతో జూచుట మన విశ్వాసమునకు కొఱత కాదని పెద్దలు సెలవిచ్చిరి.

నిర్ణీతదినమున నరసన్నపేట మీదుగ బోయి, మడపాముకడ వంశధారను దాటి, పెద్దబాట విడిచి పల్లెబాటలవెంట శాలిహుండమును జేరితిమి. నాలుగు గంటలకు బైగా నా కొండపై నుంటిమి. ఇటుకలను జేనలతో గొలిచితిమి. గుండ్రని పునాదుల చుట్టును నడచితిమి. అచ్చట భద్రపఱచిన తార, మారీచి మొదలగు విగ్రహములను జూచితిమి. తొలుత స్తూపమును మాత్రమే పూజించిన భిక్షువుల సంప్రదాయము కాలక్రమమున నెట్లు పెక్కు దేవతామూర్తులను స్వీకరించెనో ఆ యొక్క కొండపైననే కన్నులకు గట్టెను. తొందర లేనందున రెండవమాఱు చూచితిమి. మొదటిమాఱు కానరానివి అప్పుడే కనబడెను. మధ్యాహ్నము నీడలో గూర్చుండి అందఱమును తెచ్చుకొన్న చిక్కములు విప్పి కలిసి భుజించితిమి.

కొండపైనుండి చూచిన వంశధార వంతెనపైనుండి చూచినట్టిది కాదు. ఇసుకతిన్నెల నడుమ మెలికలు దిరుగుచు సముద్రమువైపు పోవు ఆ ప్రవాహమును జూచుచు, ఆ బాలిక తన పుస్తకమున దాని రేఖాచిత్రమును గీసెను. ఒక ప్రక్క సముద్రమును, నడుమ స్తూపమును గుర్తించి, పై యంచున హిరమండలమువైపునకు బాణపుగుఱుతు పెట్టెను. తరువాతి వారము ఆసుపత్రిలో తండ్రి ప్రక్కన గూర్చుండి నాలుగు గంటలును ఆ చిత్రము చూపుచు కొండ కథ యంతయు జెప్పెనట. మన కుళాయి నీరు ఎచ్చటనుండి మఱలునని తండ్రి యడుగగా, కాగితపు టంచు దాటి పైకి వ్రేలు చూపెనట. ఆ కాగితమును ఆయన తన చికిత్సపుస్తకములో భద్రపఱచుకొనిరని ఆమె మాకు జెప్పినపుడు, మా తరగతి యొక్క దినమును వ్యర్థముగ వెచ్చింపలేదని తృప్తి నొందితిమి.

రాబోవు తరగతివారికి మా విన్నపము స్వల్పము. ముందు గడియారమును జూడుడు. పిదప మీ యింటివారు మిమ్ము గొనిపోజాలని చోటేదో విచారింపుడు. ఆపైని మీలో నెవరికి ఆ దినము మిక్కిలి వెలగలదో వారిని మాటలాడనిండు. ఒక్కచోటనే నిలిచి చూచుటకు జంకకుడు. మిగిలిన స్థలములు వేయేండ్లుగ వేచియున్నవి; మఱియొక యేడు వేచియుండుటకు వానికి కష్టము లేదు.