నెత్తిన పెట్టుకునేది, నోట్లో మాట పెట్టేది

మా డిపార్ట్‌మెంట్ ల్యాబ్ బీరువాలో ఒక వీఆర్ హెడ్‌సెట్ ఉంది. టెక్ ఫెస్ట్‌కి మాత్రమే బయటికొస్తుంది. దుమ్ము తుడుస్తాం, ఛార్జింగ్ పెడతాం, అది అప్‌డేట్ అడుగుతుంది, కాలేజీ వైఫై దానికి చాలదు, ఎవరో పుణ్యాత్ముడు హాట్‌స్పాట్ ఇస్తాడు. ఈలోగా బయట క్యూ. ఒక్కొక్కళ్లూ పెట్టుకుని, రోలర్ కోస్టర్ ఎక్కి, కెవ్వుమని అరిచి, పక్కనున్న కుర్చీని తన్ని, తీసేసి "కేక రా" అంటారు. అక్కడితో సరి. రెండోసారి పెట్టుకుంటానని అడిగినవాళ్లని ఈ నాలుగేళ్లలో నేనైతే చూడలేదు.

అదే నాలుగేళ్లలో ఇంకోటి జరిగింది. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది. మేమప్పుడు ఫస్టియర్, ఇంజనీరింగ్ డ్రాయింగ్ షీట్లతో కుస్తీ పడుతున్నాం. దానికి స్టాల్ లేదు, క్యూ లేదు, ఎవరూ కెవ్వుమనలేదు. సెకండియర్‌కి వచ్చేసరికి ల్యాబ్ రికార్డుల్లో కన్‌క్లూజన్లన్నీ ఒకే గొంతుతో మాట్లాడ్డం మొదలుపెట్టాయి.

వీఆర్ మీద పోసిన డబ్బేం తక్కువ కాదు. 2012లో ఆక్యులస్ వాళ్లు కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర డబ్బులు పోగేసి మొదలుపెట్టారు. 2014లో ఫేస్‌బుక్ ఆ కంపెనీని సుమారు 200 కోట్ల డాలర్లకు కొనేసింది. 2021లో ఏకంగా తన పేరే మెటా అని మార్చుకుంది. 2024 ఫిబ్రవరిలో యాపిల్ విజన్ ప్రో అమెరికాలో అమ్మకానికొచ్చింది, ధర 3,499 డాలర్లు. మన లెక్కలో మూడు లక్షలకి కాస్త అటూ ఇటూ. అరకిలో పైన బరువు ముఖం మీద, బ్యాటరీ ఏమో వైరుతో జేబులో.

ఇంత పోసినా కొన్ని చిక్కులు వదల్లేదు. దగ్గరి వస్తువుని చూసేటప్పుడు మన రెండు కళ్లూ లోపలికి తిరుగుతాయి, కంటి లెన్సు కూడా ఆ దూరానికి సర్దుకుంటుంది. ఇప్పుడు దొరికే హెడ్‌సెట్లలో బొమ్మ ఎంత దగ్గరగా కనిపించినా ఫోకస్ మాత్రం ఒకే దూరంలో ఉంటుంది. కళ్లు ఒకటంటాయి, లెన్సు ఇంకోటంటుంది. ఇక రోలర్ కోస్టర్ కిందికి దూకుతోందని కళ్లు చెప్తుంటే, కాదు, నువ్వు కుర్చీలోనే ఉన్నావని లోపలి చెవి చెప్తుంది. ఒళ్లు ఊరుకోదు, తల తిప్పేస్తుంది. ట్రైనింగ్‌లో ఉన్న డాక్టరో పైలటో ఆ బాధ ఓర్చుకుంటారు, వాళ్లకి అవసరం. మనకేం పట్టింది?

ఒంటికి తగిలించుకోమన్న ఏఐదీ ఇదే కథ. హ్యూమేన్ అనే కంపెనీ చొక్కాకి పెట్టుకునే ఏఐ పిన్ను 2024లో 699 డాలర్లకు అమ్మింది, నెలనెలా చందా వేరే. ఏడాది తిరక్కుండానే, 2025 ఫిబ్రవరిలో, దుకాణం మూసేశారు. ఫోన్ చేసే పనికి ఇంకో వస్తువుని ఎవరు మోస్తారు?

అంటే వింతగా ఉన్నది కాదు, మనల్ని కష్టపెట్టనిదే మన దగ్గర ఉండిపోతుంది. ఏఐ గెలిచింది అక్కడే. దానితో తల తిరగదు. నాకు భయం కూడా అక్కడే. హెడ్‌సెట్ మరీ ఎక్కువైతే ఒళ్లు చెప్తుంది. ఇది ఎక్కువైందని ఎవరు చెప్తారు?

అలాగని నేను ఏఐకి వ్యతిరేకిని కాదు. సొసైటీ నుంచో బ్యాంకు నుంచో ఇంగ్లీషులో కాగితం వస్తే, ఇదివరకు మా నాన్న దాన్ని మడిచి దేవుడి పటం వెనక పెట్టేవాడు, నేను పండక్కి వచ్చి చదివేదాకా. ఇప్పుడు ఫొటో తీసి, "ఇందులో ఏముంది?" అని ఫోన్‌నే తెలుగులో అడుగుతున్నాడు. తేదీలు, అంకెలు మాత్రం నాకు ఫోన్ చేసి సరిచూసుకుంటాడు, అది వేరే విషయం. అక్కడ అది ఎవరో రాసిన మాటని మా నాన్న దాకా తెస్తోంది. ఆయన మాటని తీసేసుకోవడం లేదు.

మన క్లబ్‌కి వచ్చే కథల దగ్గరే అది తిరగబడింది. పోయిన నెల శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక జూనియర్ కథ పంపాడు. ఊరికి పేరు లేదు, పచ్చని పొలాలున్నాయి. అందులో ఒక మామ్మ మనవణ్ణి కూర్చోబెట్టి, ఆత్మవిశ్వాసమే అసలైన సంపద అని బోధిస్తుంది. నాకు తెలిసి ఏ మామ్మా అలా మాట్లాడదు. క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, "మీ మామ్మ నిజంగా ఎలా ఉంటుంది?" అని అడిగా. వాడు నవ్వేసి మొదలుపెట్టాడు. వాళ్ల నాన్న సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ కొన్నాడట, వాయిదాలు ఆగిపోయాయట, ఫైనాన్సోళ్లు బండి పట్టుకెళ్లడానికి వస్తే మామ్మ సీటెక్కి కూర్చుందట. "నాను దిగను, ఏటి సేస్తారో సెయ్యండి." అన్నం కూడా అక్కడికే తెప్పించుకుంది. టీ చల్లారిపోయింది, మేం చూసుకోలేదు.

"మరి ఇది రాయకుండా అదేంట్రా?"

"నా తెలుగు బాగోదక్కా. మా యాసలో రాస్తే నవ్వుతారు. అది రాసిందే కరెక్టుగా ఉంది."

కరెక్టుగా! ఆ ఒక్క మాట నన్ను మూడు రోజులు వదల్లేదు. పని తప్పించుకోడానికి ఏఐ వాడేవాళ్లున్నారు, వాళ్ల సంగతి వాళ్లది. వీడు బద్ధకస్తుడు కాదు. వాళ్లింటి మాట కంటే యంత్రం మాట గొప్పదని నమ్మాడు. ఒకప్పుడు బళ్లో పంతులు, తర్వాత సినిమా ఇదే పని చేశాయి. వాటి ముందు కనీసం సిగ్గుపడేవాళ్లం, చాటుగానైనా మన మాట మనం మాట్లాడుకునేవాళ్లం.

యంత్రానికి తెలుగెంత వచ్చో కూడా ఒకసారి చూద్దాం. మోడల్ మన రాతని టోకెన్లనే ముక్కలుగా చేసుకుని చదువుతుంది. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మన 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం ఆరు కోడ్లు, 18 బైట్లు. 2024 మేలో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ తనే ఒక ఉదాహరణ ఇచ్చింది: ఒకే పలకరింపు వాక్యం తెలుగులో ఇదివరకు 159 టోకెన్లు, ఇప్పుడు 45. ఇంగ్లీషులో 27 నుంచి 24. ఈ ముక్కల బాధ ఇంజనీర్లు ఇంకా తగ్గిస్తారు, రేపు మనలోనే ఎవరో తగ్గించొచ్చు. కానీ అది నేర్చుకునేది రాసిపెట్టి ఉన్నదాన్నించి. 'నాను దిగను' అని రాసినవాళ్లెంతమంది?

వాడికి ఫోన్‌లో వాయిస్ టైపింగ్ ఆన్ చేసిచ్చి, క్యాంటీన్‌లో చెప్పినట్టే చెప్పమన్నా. అది 'నాను'ని 'నేను' చేసింది, 'ఏటి'ని 'ఏమిటి' చేసింది. వాడు ఒక్కోటీ వెనక్కి దిద్దుకుంటూ కూర్చున్నాడు, రాత్రి పదకొండింటిదాకా. మధ్యలో రెండుసార్లు "ఇది ఉంచీమంటావా అక్కా?" అని మెసేజ్.

ఆ కథ ఈ సంచికలోనే ఉంది. మామ్మ ట్రాక్టర్ దిగిందో లేదో నేను చెప్పను.