పిలుపు ఎవరిది?



దేవుని చిత్తము నాకెట్లు తెలియును? ఈ ప్రశ్న మన సంఘములలో తరచుగా వినబడుచుండును. కుమార్తెకు సంబంధము చూచుచున్న తండ్రియు, ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొన్న యువకుడును, పొలము అమ్మవలెనా వద్దా అని తల పట్టుకొన్న రైతును దీనినే అడుగుదురు. కొందరు కల కొరకు కనిపెట్టుదురు. కొందరు కన్నులు మూసికొని బైబిలు తెరచి, వ్రేలు పడిన వచనమే జవాబనుకొందురు. మరికొందరు చీట్లు వేసి చూతురు. అడుగుట మంచిదే. అయితే దేవుడు మాటలాడునా అని మనము విచారించునంతగా, మాటలాడినయెడల లేచి వెళ్లుదుమా అని విచారింపము.

సమూయేలు మొదటి గ్రంథము మూడవ అధ్యాయము మనమందరము ఎరిగినదే. షిలోహులో రాత్రివేళ తన పేరు వినబడగా, బాలుడైన సమూయేలు ముసలివాడైన ఏలీ పిలిచెననుకొని పరుగెత్తెను. నేను పిలువలేదు, పోయి పండుకొమ్మని ఏలీ చెప్పెను. మూడు మారులు ఇట్లే జరిగెను. బాలునికి దేవుని స్వరము ఇంకను తెలియదని చెప్పి మనము సాధారణముగా ముందుకు సాగిపోదుము. నాకైతే అందులో వేరొక సంగతియు కనబడుచున్నది. ఏలీ కన్నులు మందగించిన వృద్ధుడు. అట్టివారు రాత్రివేళ పిలుచుట వింత కాదు. ఆ పిలుపునకు నిద్ర మానుకొని లేచుట ఆ బాలునికి అలవాటైయుండవలెను. మూడవమారు కూడ అతడు విసుగుకొనలేదు. ముసలివాని పిలుపునకు లేచిన కాళ్లే దేవుని పిలుపునకును సిద్ధముగా నుండెను. ఇంటిలోని పిలుపునకు లేవనివాడు పరలోకపు పిలుపునకు లేచునా?

ఆ రాత్రి వినిన మాట ఏలీ ఇంటికి విరోధమైన భయంకరమైన మాట. అయినను తెల్లవారగానే సమూయేలు చేసిన మొదటి పని మందిరపు తలుపులు తీయుట. అది అతని దినదిన పని. దేవుని స్వరము వినినవాడు తన పని మానుకొనలేదు.

మన తెలుగు దేశములో జరిగిన సంగతి ఒకటి జ్ఞాపకము చేయుదును. జాన్ ఇ. క్లౌ దొరగారు 1866లో ఒంగోలునకు వచ్చిరి. ఆ తొలి దినములలో ఆయన పెద్ద కులముల బాలురకు ఒక బడి పెట్టగా, మాదిగ సహోదరులు క్రీస్తును వెదకుచు వచ్చిరి. వీరిని చేర్చుకొన్నయెడల మా పిల్లలను పంపమని పెద్దలు చెప్పిరి. దొరగారును దొరసానిగారును వేర్వేరు గదులలో ప్రార్థించి బైబిలు తెరువగా, ఇద్దరికిని మొదటి కొరింథీయులకు పత్రిక మొదటి అధ్యాయమందలి ఒకే భాగము దొరికెనని ఆయన తన జీవితచరిత్రలో చెప్పుకొనెను. లోకము లెక్కచేయని వారినే దేవుడు పిలుచుకొనుననునదే ఆ భాగములోని భావము. ఇది విని కొందరు, చూచితిరా, బైబిలు తెరచి చూచుటయే మార్గమందురు. కాదు, సహోదరులారా. ఆశ్చర్యము పుట తెరచుటలో లేదు. మరునాటి విధేయతలో ఉన్నది. వారు ఆ బీదలను చేర్చుకొనిరి, బడిని పోగొట్టుకొనిరి.

పదియేండ్ల తరువాత 1876–78 మధ్య ఘోరమైన కరువు వచ్చెను. దొరగారు యౌవనమున సర్వే పని నేర్చినవారు. ఆయన బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగమును కంట్రాక్టుగా తీసికొని, ఆకలిగొన్న వారికి కూలి దొరకునట్లు చేసెను. అప్పుడు దేవుని నడిపింపు కొలతగొలుసు రూపమునను పలుగుపార రూపమునను వచ్చెను. అన్నము కొరకు వచ్చుచున్నారను నింద కలుగకుండ, కరువు దినములలో ఆయన బాప్తిస్మమిచ్చుట ఆపియుంచెను. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ గొప్ప దినమునకు ముందు మట్టిపనియు, వేచియుండుటయు ఉండెనని మరువరాదు.

నా సంగతి కొంచెము చెప్పుటకు సెలవిండు. నా తల్లి పక్షవాతముతో మంచము పట్టిన రెండవ యేట, దూరపు పట్టణములో ఒక పాఠశాలకు ప్రధానోపాధ్యాయునిగా రమ్మని నాకు పిలుపు వచ్చెను. జీతము ఎక్కువ. ఇద్దరు పిల్లల చదువు ముందున్నది. అమ్మను అంత దూరము కదల్చరాదని వైద్యులు చెప్పిరి. ప్రతిదినము వేకువనే మోకరించి దారి చూపుమని అడిగితిని. దర్శనమేదియు రాలేదు. కొంతసేపటికి ప్రక్క గదిలోనుండి "అబ్బాయీ, కాసిని మంచినీళ్లు" అని అమ్మ పిలుచును. లేచి వెళ్లి, తల ఎత్తిపట్టి, చెంచాతో నీళ్లు పోసి, ప్రక్క సవరించి మరల వచ్చి మోకరించుదును. ఇట్లు అనేక దినములు జరిగిన పిమ్మట, దేవుని జవాబు ఆ గదిలోనుండియే వచ్చుచున్నదని నాకు నిశ్చయము కలిగెను. రాలేనని ఉత్తరము వ్రాసితిని.

తరువాత అంతకంటె గొప్ప పదవి దొరికెనని వ్రాసినయెడల చదువరులకు సంతోషముగా నుండును. అట్లు జరుగలేదు. పిల్లల చదువునకు అప్పు చేయవలసి వచ్చెను. అది తీరుటకు ఆరేండ్లు పట్టెను. అమ్మ మరి పదునాలుగు నెలలు బ్రదికి ప్రభువునందు నిద్రించెను. చదువురాని ఆమెకు సాయంకాలమున కీర్తనల గ్రంథము మొదటినుండి చివరివరకు చదివి వినిపించితిని. ఆ ఉత్తరము వ్రాసినందుకు ఒక్కనాడును నేను చింతింపలేదు.

ఇంకొకరికి బయలుదేరుటయే విధేయత కావచ్చును. అబ్రాహాము తండ్రి ఇల్లు విడువవలసి వచ్చెను. ఆసియలోను బితూనియలోను తలుపులు మూయబడగా, పౌలు త్రోయకు వచ్చి మాసిదోనియ పిలుపు వినెను. దర్శనములో కనబడినది ఒక పురుషుడు. ఫిలిప్పీ నదీతీరమున ఎదురైనది కొందరు స్త్రీలు. అటుపిమ్మట దెబ్బలు, చెరసాల. అయినను తాను తప్పుదారిని వచ్చితినని పౌలు తిరిగి పోలేదు. కష్టము వచ్చినంతమాత్రమున నడిపింపు అబద్ధము కాదు.

కాబట్టి మనస్సులో ఒక తలంపు పుట్టినప్పుడు మూడు సంగతులు పరీక్షింపుడి. అది వాక్యమునకు విరోధముగా నున్నదా? దానివలన నాకు మాత్రమే లాభమా, నా పొరుగువానికి కూడ మేలు కలుగునా? భక్తిగల పెద్దల యెదుట సిగ్గుపడక దానిని చెప్పగలనా? ఈ మూటికిని నిలిచినయెడల ఆలస్యము చేయవద్దు.

రేపటి ఉదయమున ప్రార్థన ముగించి ఆమేన్ అనగానే లేవకుడి. ఐదు నిమిషములు ఊరక కూర్చుండుడి. వ్రాయవలసిన ఉత్తరమో, తీర్చవలసిన బాకియో, చూడవలసిన రోగియో జ్ఞాపకమునకు వచ్చును. అది చిన్నదని త్రోసివేయక, మధ్యాహ్నమునకు ముందే చేయుడి. చిన్న పిలుపునకు లేచువానికి పెద్ద పిలుపు వినబడును.