మెట్టుగూడ నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా... మావారి సైకిల్ దారి

"అమ్మా! వైడ్ యాంగిల్ లెన్స్ ఒకటి కొనాలే" అంది మా అమ్మాయి. నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను.

లెన్స్ అంటే కళ్ళజోడు అద్దమే కదా అనుకుని, "నీ కళ్ళకేమొచ్చిందే ఇప్పుడు?" అన్నాను కంగారుగా.

"నాకు కాదమ్మా, నాన్నకి" అంది.

అసలు సంగతి చెప్తాను. మాది మెట్టుగూడ. మావారు ముప్ఫై ఏళ్ళపాటు ఇక్కణ్ణించి తార్నాక మీదుగా ఉస్మానియా యూనివర్సిటీకి సైకిలు మీద వెళ్ళి ఉద్యోగం చేశారు. స్కూటర్ కొనుక్కోండంటే, "చెట్ల కింద తొక్కుకుంటూ వెళ్ళే సుఖం నీకేం తెలుసోయ్" అనేవారు. అలాంటి మనిషికి నిరుడు పక్షవాతం వచ్చింది. దేవుడి దయవల్ల గండం గడిచింది గానీ కుడికాలు ఇంకా స్వాధీనంలోకి రాలేదు.

ఫిజియోథెరపీ చేసే అబ్బాయి కుర్చీలో కూర్చుని తొక్కే చిన్న పెడల్ మిషను తెచ్చిపెట్టి, "రోజూ ఇరవై నిమిషాలు తొక్కాలి సార్" అన్నాడు. ఈయన అయిదు నిమిషాలకే కాలు తీసేసేవారు. "ఈ గోడని చూస్తూ ఎంతసేపని తొక్కను?" అని విసుగు. ఆ మాట పట్టుకుని మా అమ్మాయి, ఆయన పాత దారినే సైకిలు మీద వెళుతూ వీడియో తీసి టీవీలో పెడతానంది. ఆలోచన బాగానే ఉంది. కానీ మా ఇంట్లో ఉన్నది చీటీ పాడిన డబ్బులు ఎనిమిది వేలు. అవి ఫిజియోథెరపీ కోసం దాచినవి. అందులోంచి లెన్సుకి తీయాలంటే ఎవరికి మనసొప్పుతుంది, మీరే చెప్పండి!

పక్కన చెట్టు ఉందా?

మొదటి ఆదివారం డబ్బు ఖర్చు లేకుండా మామూలు ఫోనుతోనే తీసింది. మూలన పడున్న ఆయన సైకిలుకి ట్యూబులు మార్పించి, పొద్దున ఆరున్నరకి బయల్దేరింది. మధ్యాహ్నం టీవీలో పెట్టింది.

మావారు పెడల్ తొక్కుతూ చూస్తున్నారు. రెండు నిమిషాలు కాగానే, "ఆ పక్కన వేపచెట్టు ఉండాలే... ఉందా, కొట్టేశారా?" అన్నారు. ఇంకాస్త ముందుకెళ్ళాక, "ఎడంపక్క గోడవారన ఏముందిప్పుడు?" అన్నారు. ఆయన అడిగినవేవీ బొమ్మలో లేవు. నడిమధ్య రోడ్డు ఒక్కటే కనిపిస్తోంది. చివరికి విసుగొచ్చి ఆపేశారు.

ఎందుకలా అయిందో మా అమ్మాయి చెప్తే అర్థమైంది. గదిలో దూరంగా నిలబడి కిటికీలోంచి చూస్తే వీధిలో కొంతే కనిపిస్తుంది. కిటికీ దగ్గరకి వెళ్ళి నిలబడితే వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపిస్తుంది. వైడ్ యాంగిల్ లెన్స్ చేసే పని అదేనట. పైగా సైకిలు కుదుపులు కనిపించకుండా ఫోను బొమ్మని సర్దేటప్పుడు అంచులు కత్తిరించేస్తుందట. అసలే ఇరుకు, ఆపైన కత్తిరింపు!

లెన్స్ మీద అంకెలుంటాయి. అంకె ఎంత చిన్నదైతే చూపు అంత వెడల్పు. మా అల్లుడుగారి పాత కానన్ కెమెరాతో వచ్చిన లెన్స్ మీద 18-55 అని ఉంది. ఆ 18 దగ్గర అడ్డంగా సుమారు 64 డిగ్రీల మేర కనిపిస్తుంది. 10-18 అని ఇంకోటుంది, 2014లో వచ్చింది. అది 10 దగ్గర సుమారు 96 డిగ్రీలు చూపిస్తుంది. మా అమ్మాయి మనసు దానిమీద పడింది.

"కొనకముందు ఒక్కరోజు అద్దెకి తెచ్చి చూడవే" అన్నాను. పెళ్ళికి నగలే అద్దెకి దొరుకుతున్న ఊళ్ళో లెన్సు దొరకదా? దొరికింది.

ఒక్క స్టేషను ప్రయాణం

రెండో ఆదివారం నేనూ బయల్దేరాను. అది సైకిలు మీద, నేను మెట్రోలో. మెట్టుగూడ నుంచి తార్నాక ఒక్క స్టేషనే. 2017 నవంబరులో ఈ మెట్రో మొదలైనప్పటి నుంచి మా రోడ్డు నడుమ స్తంభాల వరసే. మావారు సైకిలు తొక్కిన రోజుల్లో అక్కడ తలెత్తితే ఆకాశం ఉండేది.

తార్నాక పేరు గురించి పెద్దవాళ్ళో మాట చెప్తారు. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. తీగ కంచె ఉన్న నాకా కాబట్టి తార్నాక అయిందంటారు. ఇక్కడే జాతీయ పోషకాహార సంస్థ కూడా ఉంది. మన వంటల పేజీల్లో పప్పులో మాంసకృత్తులెన్ని, మునగాకులో ఇనుమెంత అని రాస్తుంటారు కదా, అలాంటి లెక్కలు కట్టే చోటు అది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాదుకి తరలివచ్చింది. చిత్రమేమిటంటే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఉస్మానియా యూనివర్సిటీని స్థాపించిందీ ఆ 1918లోనే.

క్యాంపస్‌లో అడుగుపెడితే ఊరి రొద సగానికి సగం తగ్గిపోతుంది. చెట్లు, మధ్యమధ్య పెద్ద పెద్ద గ్రానైటు బండలు, వాకింగుకి వచ్చినవాళ్ళు. ఆ మలుపు తిరిగాక ఎదురుగా ఆర్ట్స్ కాలేజీ! ఎన్నిసార్లు చూసినా కాసేపు నిలబడిపోతాను. బెల్జియం దేశస్థుడైన ఎర్నెస్ట్ జాస్పర్ దానికి నమూనా గీశాడు. 1934లో శంకుస్థాపన జరిగితే 1939 డిసెంబరులో ప్రారంభమైంది. గులాబీ రంగు గ్రానైటు గోడల మీద పొద్దుటి ఎండ పడితే అప్పుడే కడిగి ముగ్గేసిన వాకిలిలా ఉంటుంది.

మా అమ్మాయి రొప్పుతూ వచ్చి దిగింది. కెమెరా, లెన్సు కలిపి ముప్పావు కిలో. హ్యాండిల్‌కి బిగిస్తే ఒక పక్కకి లాగేస్తోందట. మెడలో వేసుకుంటే గుండెలకి కొట్టుకుంటోందట. "స్పీడ్ బ్రేకర్ దగ్గర పడబోయానమ్మా" అంది. నా ప్రాణం ఎగిరిపోయింది. నాన్న కాలు బాగుపడ్డానికి బిడ్డ కాలు విరగ్గొట్టుకుంటుందా?

సినిమావాళ్ళకైతే వేరే హంగులుంటాయి. 1989లో వచ్చిన 'శివ'లో సైకిళ్ళ ఛేజ్ మీకు గుర్తుండే ఉంటుంది. రామ్‌గోపాల్ వర్మ దర్శకుడు, కెమెరా ఎస్.గోపాల్ రెడ్డిగారు. ఒంటికి కట్టుకుని పరిగెత్తినా బొమ్మ కుదపని స్టెడీకామ్‌ని తెలుగులో ముందుగా వాడిన సినిమాల్లో అదొకటి. మన దగ్గర ఉన్నవి పాత సైకిలు, చీటీ డబ్బులు!

లడ్డూల డబ్బా లెక్క

ఇంటికొచ్చి వీడియో పెట్టాం. ఈసారి వేపచెట్టు కనిపించింది. మావారి మొహం వికసించింది. కానీ ఆర్ట్స్ కాలేజీ రాగానే, "ఇదేమిటే, అగ్గిపెట్టెలా అయిపోయింది?" అన్నారు.

ఈసారి నాకే అర్థమైంది. నాలుగు లడ్డూలు పట్టే డబ్బాలో పది పట్టించాలంటే లడ్డూ సైజు తగ్గించక తప్పదు. టీవీ పెరగలేదు కదా! వెడల్పు చూపు కావాలంటే ప్రతి వస్తువూ చిన్నదైపోతుంది. అందుకని తొక్కేటప్పుడు వైడ్ వాడుకుని, భవనం దగ్గర సైకిలు ఆపి మామూలు లెన్సుతో విడిగా తీయాలి. ఇంకో సంగతీ తెలిసింది. వైడ్ లెన్స్‌ని కాస్త పైకెత్తినా మెట్రో స్తంభాలు లోపలికి ఒరిగి మీద పడేట్టు కనిపిస్తాయి. నేలకి సమంగా పెడితే నిటారుగా ఉంటాయి.

అప్పుడు మా అల్లుడుగారు ఫోన్ చేసి, "అత్తయ్యగారూ, మీ ఫోన్లో కెమెరా తెరిస్తే కింద 0.5 అని ఉందా?" అన్నారు. చూస్తే ఉంది! ఇన్నాళ్ళూ నేనది నొక్కనేలేదు. చాలా ఫోన్ల వెనక రెండు మూడు కళ్ళుంటాయి. అందులో ఒకటి వైడ్ యాంగిలేనట. చేతిలో ఉన్న సంపదని గుర్తించక చీటీ డబ్బులవైపు చూశాం.

మూడో ఆదివారం ఆ 0.5 పెట్టి, ఫోనుని ఛాతీకి బిగించే పట్టీలో పెట్టుకుని వెళ్ళింది. చేతులూ ఒళ్ళూ కుదుపుని కొంత మింగేస్తాయి కాబట్టి, హ్యాండిల్‌కి కట్టినదానికన్నా బొమ్మ నెమ్మదిగా ఉంది. తెల్లవారుజామున చెట్ల నీడలో మాత్రం ఆ చిన్న కన్ను సరిగ్గా చూడలేదు. మసకమసకగా వచ్చింది. అద్దె లెన్సే అక్కడ నయం. అందుకని ఎండ వచ్చాక, ఏడున్నరకి తీసింది.

మీ పిల్లలు అడిగితే...

మీ ఇంట్లోనూ సైకిలు, బైకు వీడియోల పిచ్చి ఉన్న పిల్లలుంటే ఈ మాటలు గుర్తుంచుకోండి.

ముందు ఫోన్లో 0.5 ఉందేమో చూడమనండి. పగటి వెలుగుకి అది చాలు. చాలకపోతే లెన్సుని ఒక రోజు అద్దెకి తెచ్చి, తీయబోయే దారిలోనే తీసి చూడమనండి.

ఫోన్ మీద తగిలించే చవక క్లిప్ లెన్సులకి అంచులు మసకబారతాయి. మనం వైడ్ కొనేదే అంచుల కోసం కదా! యాక్షన్ కెమెరాలు తేలికే గానీ వాటిలో స్తంభాలు విల్లులా వంగి కనిపించొచ్చు. వంపు తీసేసే సదుపాయం ఉందో లేదో అడగండి.

పాత లెన్సు కొంటే అద్దంలోంచి టార్చి వేసి చూడండి. బూజు తీగల్లాంటివి కనిపిస్తే వద్దు. మన కెమెరాకి అక్కడికక్కడే బిగించి, తిప్పి, ఒక వీడియో తీసి చూశాకే డబ్బివ్వాలి.

మోటారు సైకిలు హ్యాండిల్‌కి ఫోన్ నేరుగా బిగించనివ్వకండి. ఇంజను అదురుకి ఐఫోన్ కెమెరా దెబ్బతినొచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. హెల్మెట్ మాత్రం సైకిలుకైనా ఉండాల్సిందే. తొక్కుతూ బటన్లు నొక్కకూడదు. క్యాంపస్ లాంటి చోట్ల సెక్యూరిటీవాళ్ళని ఒక మాట అడిగి మరీ తీయాలి.

మా ఎనిమిది వేలలో పట్టీకీ, హెల్మెట్‌కీ, ఒకరోజు అద్దెకీ పోగా మిగిలింది ఫిజియోథెరపీకి అలాగే ఉంది.

మూడో వీడియో పెట్టినప్పుడు అడుగున సైకిలు హ్యాండిలూ, మా అమ్మాయి చేతులూ కూడా పడ్డాయి. "అయ్యో, హ్యాండిల్ అడ్డొచ్చింది నాన్నా, మళ్ళీ తీస్తాను" అందది నొచ్చుకుంటూ.

"ఉండనీవే, నా హ్యాండిలేగా అది" అన్నారు ఆయన, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఆ రోజు పద్దెనిమిది నిమిషాలు తొక్కారు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. అలసిపోయి కాలు తీసి, మంచినీళ్ళు తాగి, "వచ్చే ఆదివారం విద్యానగర్ వైపు నుంచి తియ్యి" అన్నారు.

మా అమ్మాయి అప్పుడే సైకిలుకి గాలి కొట్టించుకొచ్చింది.