గోనెసంచిలో నాలుగు పిల్లలు



ఈ వారం మీ ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలనుకుంటున్నాము. మందిరం వాకిట్లో చెప్పుల దగ్గర పడుకునే మా సిరిని మీరంతా ఎరుగుదురు. మూడేళ్ల క్రితం 8వ నెలలోనే అది ఎదకు వచ్చింది. రక్తపు చుక్కలు చూసి దెబ్బ తగిలిందేమో అనుకున్నాము. ఆ రక్తం పలచబడే రోజుల్లోనే కుక్క కడుతుందని మాకు తెలియదు. కట్టెయ్యలేదు, గేటు మూయలేదు. రెండు నెలలు తిరిగేసరికి ఆరు పిల్లలు.

తానే ఇంకా పిల్ల. పాలు చాలలేదు, పక్కటెముకలు తేలాయి. నెల నిండకముందే ఇద్దరు సహోదరులు వచ్చి రెండు మగపిల్లల్ని తీసుకెళ్లారు. మిగిలిన నాలుగూ ఆడవే. "ఆడవి ఎవరికి కావాలి అయ్యగారూ, సంత దగ్గర వదిలేద్దాం" అన్నారొకరు. మేము కాదనలేదు. శనివారం సాయంత్రం గోనెసంచిలో వేసి బండి మీద పంపించేశాము. రాత్రంతా సిరి మందిరం చుట్టూ వాసన చూసుకుంటూ తిరిగింది. మర్నాడు ఆరాధనలో, ఆడబిడ్డ కూడా దేవుడిచ్చిన బహుమానమేనని ప్రసంగించాము. ఇంటికొచ్చాక పాస్టరమ్మగారు అన్నం వడ్డించారు గాని మాతో మాట్లాడలేదు.

సోమవారం సంతకు వెళ్లి వెతికాము. ఒక్కటే దొరికింది. దాన్నే చిన్ని అని పిలుస్తున్నాము.

తర్వాత పశువుల డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పిన సంగతులు మీకూ చెబుతున్నాము. ఆడకుక్క మామూలుగా 6 నుంచి 12 నెలల మధ్య మొదటిసారి ఎదకు వస్తుంది. తర్వాత దాదాపు ఏడాదికి రెండుసార్లు. ప్రతిసారీ సుమారు మూడు వారాలు ఇంట్లోనే ఉంచి కాపాడాలి. మొదటి ఎదలో కట్టించకూడదు. కుక్కల పెంపకం మీద 2017లో వచ్చిన కేంద్ర నిబంధనలు కూడా 18 నెలలు నిండాలనీ, 8 వారాల లోపు పిల్లల్ని అమ్మకూడదనీ చెబుతున్నాయి. చూలు సుమారు 63 రోజులు. ఈనేటప్పుడు అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోతే, లేదా పిల్లకూ పిల్లకూ మధ్య రెండు గంటలు దాటితే, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

ఒక ఈత ఈనితేనే కుక్కకు ఆరోగ్యం అని మన ఊళ్లో అంటారు. అది నిజం కాదు. పిల్లలకు ఇళ్లు ముందే కుదరకపోతే ఆపరేషన్ చేయించడమే మేలు. గర్భసంచి తీసేస్తే దానికి చీము పట్టే ప్రమాదం కూడా తప్పుతుంది. సిరికీ చిన్నికీ చేయించాము. వారం పది రోజుల్లో లేచి తిరిగాయి.

ప్రియులారా, సామెతలు 12:10 మీద మేము ఎన్నడూ ప్రసంగం చేయలేదు. మన నీతి మన కొట్టంలో ఉన్న మూగజీవి కూడా ఎరగాలని అక్కడ ఉంది. సృష్టి మీద మనకిచ్చిన ఏలుబడి గురించి ఒక రోజు లెక్క అడుగుతారు. ఆ లెక్కలో మూడు పిల్లలకు మేము జవాబు చెప్పాలి.

ఈ వారం మీ వాకిట్లో ఉన్న ఆడకుక్కను ఒకసారి చూడండి. గేటు వేయండి. మండలంలోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. బండి లేనివారు మాతో చెప్పండి, మేమే వస్తాము.

దేవుడు మన చేతులను కనికరముగల చేతులుగా చేయును గాక. ఆమేన్.