ఆదోని నుంచి హంపి కొండల దాకా

కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం పాలనలో ఆంధ్రప్రదేశ్‌కు చెందినదైనా, నేల తీరులోనూ రాకపోకల్లోనూ తుంగభద్ర ఆవలి కన్నడ సీమతో కలిసిపోయి ఉంటుంది. విజయనగర దుర్గమైన ఆదోని, 1565 నాటి తల్లికోట యుద్ధం తరువాత బీజాపూరు సుల్తానుల వశమై, 17వ శతాబ్దంలో సిద్ది మసూద్ ఖాన్ అనే హబ్షీ, అనగా ఆఫ్రికా మూలాలు గల సర్దారు ఏలుబడి చూసి, 1800లో దత్తమండలాలతో పాటు ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లి, 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలోనే ఉండిపోయింది. నల్లరేగడిలో పండే పత్తి, దాన్ని కొనే వ్యాపారులు ఈ ఊరికి పేరు తెచ్చారు.

అయితే ఈ సీమ స్వభావం బోధపడాలంటే బళ్లారి దాటి కొప్పళ జిల్లా దాకా చూపు సారించాలి. 1950లలో తుంగభద్ర కాలువలకు నీరు వచ్చాక కోస్తా రైతులు గంగావతి చుట్టూ భూములు కొని, నేటికీ క్యాంపులని పిలిచే ఊళ్లు కట్టుకొని వరి పండించారు. వారి తరువాత సుమారు అర్ధశతాబ్దానికి, హైదరాబాదులో గ్రాన్యూల్స్ ఇండియా ఔషధ సంస్థను నెలకొల్పిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ అదే జిల్లాలోని హంపి కొండల ప్రాంతంలో ద్రాక్ష నాటి, తమ ఇద్దరి పేర్లూ కలిసేలా క్రిస్మా ఎస్టేట్స్ అనే వైనరీని స్థాపించారు. వరి రైతు వెతికినది నీరు పారే పల్లం కాగా, వీరికి కావలసినది నీరు నిలవని రాతినేల. తీగ కాస్త కరువు పడితేనే పండు చిన్నదై, తొక్క మందమై, రుచి చిక్కబడుతుంది.

దక్కనులో చలి తక్కువ కావడంతో ద్రాక్షతీగ ఐరోపాలో వలె ఆకురాల్చి నిద్రపోదు. అందుచేత వేసవిలో ఒకసారి, వానలు వెనుకబట్టాక మరొకసారి కత్తిరించి, రెండో కత్తిరింపు మీద వచ్చిన కాపును చలికాలం చివర కోస్తారు.

క్రిస్మా వైన్లలో మొదట చెప్పవలసినది కాబర్నే సావిన్యోన్. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు ఈ ఎర్రద్రాక్షకు, నేరేడును తలపించే పండు వాసనతో పాటు క్యాప్సికం వంటి పచ్చివాసన, తొక్కలోనూ గింజలోనూ ఉండే టానిన్ల వల్ల నాలుకను పట్టే ఒగరు సహజ లక్షణాలు. గ్లాసును మూడోవంతుకు మించి నింపకుండా, నెమ్మదిగా తిప్పి, వాసన చూసి, గుక్కను నోట్లో కాసేపు నిలిపితేనే ఆ ఒగరు వెనుక పండు బయటపడుతుంది. ఇటలీలోని టస్కనీకి చెందిన సాంజోవేసేలో పులుపు ఎక్కువ. తెల్లద్రాక్ష అయిన సావిన్యోన్ బ్లాంక్‌ను చల్లగా తాగాలి. ఆదోని వారి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలకు కాబర్నే ఏమాత్రం పొసగదు, మద్యం కారపు మంటను పెంచుతుంది, టానిన్లు దాన్ని మరింత గరుకు చేస్తాయి. జొన్నరొట్టెకూ వేరుశనగల పొడి దట్టించిన వంకాయకూ సాంజోవేసే పులుపు బాగా నప్పుతుందనడంలో సందేహం లేదు. ఇంతటి జోడీని వదిలి వైన్‌కు చీజు ముక్కలే వెతకడం వింత.

తిరిగి కర్నూలు జిల్లాకు వస్తే, ఆదోనికి పత్తి లాగే ఎమ్మిగనూరుకు పేరు తెచ్చినది చేనేత. మాచాని సోమప్ప 1938లో ఇక్కడ నేతకారుల సహకార సంఘాన్ని నిలబెట్టి, 1954లో పద్మశ్రీ పొందారు. జనవరిలో జరిగే నీలకంఠేశ్వరస్వామి జాతరకు చుట్టుపక్కల గ్రామాల జనం తరలివస్తారు.